గుర్రపుసాలలో చూలాలు

కడుపుతో ఉన్న స్త్రీ గుర్రమెక్కవచ్చునా అని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. "అమ్మో, ఇంకేమైనా ఉందా!" అని ఇంట్లో పెద్దలంటారు. "నీకు చిన్నప్పటినుంచీ అలవాటే కదా, ఏమీ కాదులే" అని సాలలో తోటి రౌతులంటారు. ఇద్దరూ ఆ మనిషి మేలు కోరేవారే. ఐతే ఎందుకు వద్దో మొదటివారు చెప్పరు, ఎందుకు ఏమీ కాదో రెండవవారు చెప్పరు. పైగా ఈ ప్రశ్న జీను దగ్గరే ఆగిపోతుంది. జీను దిగిన తరువాత ఆమె గుర్రాన్ని తోముతుంది, లద్ది ఎత్తుతుంది, మందు పడుతుంది. దాని సంగతి ఎవరూ అడగరు. ఈ టపా ముఖ్యంగా ఆ అడగని సంగతి గురించి.

మన తెలుగువాళ్ళకు గుర్రాలతో పనేమిటని మిత్రులకు సందేహం రావచ్చు. హైదరాబాదు మలక్‌పేటలో పందేల మైదానం పందొమ్మిదవ శతాబ్దం నుంచీ ఉన్నది. అదే నగరంలోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణకు వచ్చిన ప్రతివారూ, ఆడామగా తేడా లేకుండా, గుర్రపుస్వారీ నేర్చుకోవలసిందే. నగరం చుట్టుపక్కల స్వారీ నేర్పే బళ్ళు వెలిశాయి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన మనవాళ్ళ పిల్లలు బడి అయిపోగానే స్వారీకి వెళుతున్నారు. ఆ పిల్లలు పెద్దవారై తల్లులు కాబోయేనాటికి, ఇక్కడున్న అమ్మమ్మకు ఫోను చేసి అడిగే ప్రశ్న ఇదే. అమ్మమ్మ దగ్గర భయం తప్ప వేరే జవాబు లేకపోవడం ఆమె తప్పు కాదు. ఈ విషయం తెలుగులో ఎవరూ రాయలేదు గనుక ఆమెకు తెలియలేదు.

ముందు భయం సంగతి చూద్దాం. గుర్రం నడకలో కుదుపుకు కడుపు జారిపోతుందని ఒక పాత నమ్మకం. మన దగ్గర ఎడ్లబండి గురించీ, తరువాత ఆటో గురించీ ఇదే మాట చెప్పేవారు. తొలి మూడునెలల్లో పోయే గర్భాలలో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. అది తల్లి నడిచినా, కూర్చున్నా, స్వారీ చేసినా మారేది కాదు. ఈ సంగతి ఎందుకు గట్టిగా చెప్పాలంటే, నెల తప్పిందని తెలియక ముందు రెండువారాలు స్వారీ చేసిన స్త్రీకి తరువాత గర్భం నిలవకపోతే, చుట్టూ ఉన్నవారి వేలు మొదట గుర్రం వైపు, ఆ వెంటనే ఆమె వైపు తిరుగుతుంది. ఆ నింద ఆమె జీవితాంతం మోయవలసి వస్తుంది. శాస్త్రం మోపని నేరాన్ని బంధువులు మోపకూడదు.

ఐతే వైద్యులు స్వారీ వద్దని ఎందుకంటారు? కుదుపు గురించి కాదు, పడిపోవడం గురించి. అమెరికా ప్రసూతివైద్యుల కళాశాల 2015లో ప్రకటించి 2020లో సవరించిన అభిప్రాయపత్రం గర్భిణులను వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయమంటుంది. అదే పత్రం, పడే ప్రమాదం ఎక్కువగా ఉన్న ఆటలు మానుకోమని చెబుతూ మంచుకొండ మీద జారడం, అలలపై తేలే ఆట, జిమ్నాస్టిక్స్‌లతో పాటు గుర్రపుస్వారీని కూడా పేర్కొన్నది. ఇంగ్లండు జాతీయ ఆరోగ్యసేవ మాట కొంచెం మెత్తగా ఉంటుంది. పడే ప్రమాదమున్నది కాబట్టి జాగ్రత్తగా ఉండండి అంటుంది. ఇద్దరూ వ్యాయామాన్ని తప్పుపట్టలేదు. ఇద్దరి దృష్టీ నేలమీదనే ఉన్నది.

పడితే ఏమవుతుందో కూడా తెలియాలి. సుమారు పన్నెండు వారాల దాకా గర్భసంచి కటి ఎముకల మధ్య ఒదిగి ఉంటుంది. ఎముకలే దానికి కోట. ఆ తరువాత అది పైకి పెరిగి కోట దాటుతుంది, దెబ్బకు ఎదురుగా నిలుస్తుంది. గర్భసంచి గోడ సాగుతుంది, మావి అంతగా సాగదు. గట్టిదెబ్బ తగిలినప్పుడు ఒకటి సాగి మరొకటి సాగకపోవడం వల్ల మావి గోడనుంచి ఊడివచ్చే ప్రమాదముంది. కడుపుకు నేరుగా దెబ్బ తగలనక్కరలేదు, హఠాత్తుగా వేగం ఆగిపోయినా చాలు. రక్తస్రావం లోపలే జరిగి పైకి కనిపించకపోవచ్చు కూడా. పదిహేను పదహారు చేతుల ఎత్తున్న గుర్రం భుజం నేలకు ఐదడుగుల పైన ఉంటుంది. రౌతు కూర్చునేది అంతకంటే పైన. అంత ఎత్తునుంచి, అదీ వేగంలో పడటం మెట్టు జారడం వంటిది కాదు.

దీనికి తోడు ఒళ్ళు కూడా మారుతుంది. కడుపు పెరిగేకొద్దీ శరీరం బరువు ముందుకు జరుగుతుంది, కీళ్ళను పట్టి ఉంచే తంతువులు సడలుతాయి. స్వారీ అంటే పిక్కలతో తొడలతో చేసే బలప్రదర్శన కాదు, తూకం. పదేళ్ళుగా ఒంటికి పట్టిన తూకం నాలుగునెలల్లో మారిపోతే, పదేళ్ళ అనుభవం కూడా ఆ మేరకు పాతదైపోతుంది. "నీకు అలవాటే కదా" అనే స్నేహితుడు గమనించనిది ఇదే. అలవాటైన శరీరం వేరు, ఇప్పుడున్న శరీరం వేరు. పొట్టకు రక్షణగా వేసుకునే చొక్కా ఉన్నదిగా అంటారు కొందరు. అది పక్కటెముకలనూ వెన్నునూ ఉద్దేశించి చేసినది. పెరుగుతున్న కడుపు మీద అది సరిగా అమరదు, మావి ఊడకుండా ఆపదు. శిరస్త్రాణం తలను కాస్తుంది, అంతవరకే.

ఇప్పుడు వీరగాథల సంగతి. ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఒక పేరు వినిపిస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఆంకీ వాన్ గ్రున్స్‌వెన్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో సలినేరో అనే గుర్రం మీద డ్రెస్సాజ్ పోటీలో స్వర్ణం గెలిచినప్పుడు గర్భవతి. ఆ సంవత్సరం నవంబరులో ఆమెకు కొడుకు పుట్టాడు. 2008లో అదే గుర్రం మీద మళ్ళీ స్వర్ణం గెలిచింది. గొప్ప సంగతే. కాని ఆ ఉదాహరణ మనకు ఏమి చెబుతుంది? డ్రెస్సాజ్‌లో గుర్రం కంచెలు దూకదు. చదునైన మైదానంలో, కొలిచిన అడుగులతో, రౌతు చెప్పీచెప్పని సైగకు స్పందిస్తూ నడుస్తుంది. గుర్రం ఆమెకు ఎరుకైనది, ఆమె ప్రపంచంలోకెల్లా మేటి రౌతులలో ఒకతె. అంత సిద్ధపాటు ఉండి కూడా అది ఆమె ఎరిగి తీసుకున్న సాహసమే గాని ప్రమాదం లేదనడానికి సాక్ష్యం కాదు. గంటకింత అని అద్దెకు తెచ్చుకున్న గుర్రం మీద ఎక్కే వారికి ఆ కథ ధైర్యమివ్వకూడదు.

నాకు అంతకంటే ముఖ్యమనిపించే కథ డెన్మార్కు స్త్రీ లిస్ హార్టెల్‌ది. 1944లో ఇరవైమూడేళ్ళ వయసులో, కడుపుతో ఉండగా ఆమెకు పోలియో సోకింది. బిడ్డ క్షేమంగా పుట్టింది గాని ఆమె మోకాళ్ళ కింద కాళ్ళు చచ్చుబడిపోయాయి. గుర్రమెక్కాలన్నా దిగాలన్నా మరొకరి సాయం కావాలి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లోనే మొదటిసారిగా ఆడవారిని డ్రెస్సాజ్‌లో మగవారితో కలిసి పోటీపడనిచ్చారు. ఆ ఏడాదే ఆమె జూబిలీ అనే గుర్రంతో రజతం గెలిచింది, 1956లో మళ్ళీ గెలిచింది. కంచెలు దూకే పోటీలో ఆడవారికి 1956 దాకా, మూడురోజుల పోటీలో 1964 దాకా చోటు దొరకలేదు. కాపాడతామనే మాటతోనే ఆడవారిని గుర్రాలకు దూరంగా ఉంచిన చరిత్ర అంత దగ్గరిది. అందుకే ఇవాళ వైద్యుడు "వద్దు" అన్నప్పుడు స్వారీ చేసే స్త్రీకి అందులో ఆ పాత గొంతు కూడా వినిపిస్తుంది. వినిపించడంలో ఆశ్చర్యం లేదు. వైద్యుడు "వద్దు" అని ఊరుకోకుండా "ఎందుకు వద్దో" చెబితేనే ఆ రెండు గొంతులూ వేరవుతాయి.

సరే, గుర్రం దిగింది. ఇక భద్రమేనా? ఇక్కడే మన ఆలోచన ఆగిపోతున్నదని నా ఫిర్యాదు. గుర్రం నాలుగైదు వందల కిలోల ప్రాణి, స్వభావరీత్యా బెదురుగొడ్డు. ప్లాస్టిక్ సంచి ఎగిరినా ఉలిక్కిపడుతుంది. వెనుకకాలి తాపు కడుపు ఎత్తునే తగులుతుంది. కొట్టులో గోడకూ గుర్రానికీ మధ్య నలిగిపోవడం, పగ్గం లాగినప్పుడు బోర్లాపడటం, మేత వేసేచోట రెండు గుర్రాల పోట్లాట మధ్య చిక్కుకోవడం, ఇవన్నీ నేలమీద జరిగేవే. గడ్డిమోపులూ నీళ్ళబాల్చీలూ ఎత్తడం సరేసరి.

కంటికి కనిపించనివి మరికొన్ని. సాలలో గింజలుంటాయి, గింజల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పిల్లులు. ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్, పిల్లుల మలంతో టాక్సోప్లాస్మా వస్తాయి. రెండూ గర్భానికి చేటు. లద్దిలోనూ మట్టిలోనూ ధనుర్వాతం బీజాలుంటాయి. అందుకే మనదేశంలో గర్భిణులకిచ్చే టీడీ సూదిమందు సాలలో తిరిగేవారికి మరీ అవసరం. చేతితొడుగులు వేసుకోవడం, తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం, పిల్లులు పాడుచేసిన ఇసుకా గడ్డీ ఎత్తే పని వేరొకరికి అప్పగించడం, వీటికి ఖర్చేమీ లేదు.

అన్నిటికంటే తక్కువగా తెలిసింది మందుల బీరువా. గోడిగలు ఎదకు వచ్చే కాలాన్ని అదుపు చేయడానికీ, కొన్నిసార్లు వాటి చూలు నిలపడానికీ ఆల్ట్రెనోజెస్ట్ అనే హార్మోను మందు వాడతారు. రెగ్యుమేట్ అన్న పేరుతో ప్రసిద్ధం. నూనెలాగా ఉంటుంది, రోజూ మేతలో కలుపుతారు. అది చర్మం గుండా మనిషి ఒంట్లోకి ఇంకుతుంది. గర్భిణులూ, గర్భం ఉందేమోనని అనుమానమున్నవారూ దాన్ని ముట్టకూడదని సీసా మీదనే ఉంటుంది. డైనోప్రోస్ట్ వంటి ప్రోస్టాగ్లాండిన్ సూదిమందులు ఇంకా ప్రమాదం. చర్మంమీద ఒలికినా, పొరపాటున సూది గుచ్చుకున్నా గర్భస్రావం కావచ్చు, ఉబ్బసం ఉన్నవారికి ఊపిరాడకపోవచ్చు. గోడిగ చూలు నిలపడానికి వాడే మందే దానికి మేత కలిపే స్త్రీ ముట్టకూడని మందు కావడం ఎంత చిత్రం! ఆ సీసా మీది అక్షరాలు చిన్నవి, అవీ ఇంగ్లీషులో. మేత కలిపే మనిషికి ఇంగ్లీషు రాకపోతే ఆ హెచ్చరిక ఉన్నా లేనట్టే.

గోడిగ మాట వచ్చింది కనుక మరొక సంగతి. గోడిగ చూలు మోసేది పదకొండు నెలలు, అంటే సుమారు 340 రోజులు. మంచి సాలలో దాని కొట్టు బయట ఒక పలక వేలాడుతుంది. ఏ తేదీన కట్టింది, ఎప్పుడు ఈనవలసి ఉన్నది అన్నీ దాని మీద రాసి ఉంటాయి. ఈసుకుపోకుండా హెర్పిస్ టీకా ఐదవ, ఏడవ, తొమ్మిదవ నెలల్లో. ఈనడానికి నాలుగు నుంచి ఆరువారాల ముందు ధనుర్వాతం టీకా. చివరి నెలల్లో జీను వేయరు, మేత మారుస్తారు, దూరప్రయాణం చేయించరు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువలేదని మన సామెత. అంతా బాగానే ఉంది, అలాగే ఉండాలి కూడా. కాని ఆ పలక కింద కూర్చుని లద్ది ఎత్తుతున్న మనిషికీ ఆరోనెల కావచ్చు. ఆమెకు పలక లేదు. ఆమె ఏ పనులు మానాలో, ఏ సీసా ముట్టకూడదో, పడితే ఎవరికి చెప్పాలో ఎక్కడా రాసిలేదు. గోడిగ విలువ లక్షలలో ఉంటుంది కనుక దానికి పలక ఉన్నదని నేను నిష్ఠూరంగా అనడం లేదు. పలక పెట్టడం తెలిసిన చేతులకు రెండో పలక పెట్టడం కష్టమా అని అడుగుతున్నాను.

మనదేశంలో 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. మంచి చట్టమే. ఐతే అది పదిమంది లేదా అంతకు పైగా పనిచేసే చోట్లకు ఉద్దేశించినది. నలుగురైదుగురితో నడిచే స్వారీబళ్ళకూ, పందెపు గుర్రాలను సాకే చిన్నచిన్న సాలలకూ అది అందదు. ఇటుకబట్టీల దగ్గర గుర్రాలతో, కంచరగాడిదలతో బతికే కుటుంబాల్లో మేతా నీళ్ళూ లద్దీ ఇంటి ఆడవారి పనే. వారిని ఎవరూ పనివారుగా కూడా లెక్కించరు. "గర్భిణి గుర్రాలకు దూరంగా ఉండాలి" అని రాసి చేతులు దులుపుకునే సలహా వీరికి ఏమి పనికివస్తుంది? దూరంగా ఉంటే పూట గడవదు.

"అందుకే గర్భిణులను పనిలోంచి తీసేస్తే గొడవ వదిలిపోతుంది" అని యజమాని అనవచ్చు. ఈ వాదన కొత్తది కాదు. అమెరికాలో బ్యాటరీలు చేసే జాన్సన్ కంట్రోల్స్ సంస్థ, సీసం గర్భానికి చేటు కనుక పిల్లలు కనే అవకాశమున్న ఆడవారెవరూ ఆ పనులు చేయరాదని నియమం పెట్టింది. 1991లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ నియమాన్ని కొట్టివేసింది. పుట్టబోయే బిడ్డల మేలు గురించిన నిర్ణయం ఆ తల్లిదండ్రులది, వారికి ఉద్యోగమిచ్చేవారిది కాదన్నది దాని సారాంశం. నేనూ ఆ పక్షమే. కాని తీర్పులో సగం మాత్రమే అందుకుని "ఆమె ఇష్టం" అని ఊరుకోవడం కూడా తప్పు. తెలిసి ఎంచుకుంటేనే అది ఎంపిక. సీసా మీద ఏముందో తెలియని మనిషికీ, పని మార్చమంటే కూలి పోతుందని భయపడే మనిషికీ ఎంపిక ఎక్కడున్నది?

కనుక నా అభిప్రాయం ఇది. నా చెల్లెలే అడిగితే, పన్నెండు వారాలు దాటాక గుర్రం దిగమంటాను. ముందు వారాల్లో కూడా దూకుళ్ళూ కొత్తగుర్రాలూ వద్దంటాను. ఎప్పుడైనా పడితే, ఒంటికి ఏమీ కాలేదనిపించినా అదేరోజు ఆసుపత్రికి వెళ్ళమంటాను. ఇరవై వారాలు దాటితే బిడ్డ గుండెచప్పుడును కొన్ని గంటలపాటు గమనించవలసి ఉంటుంది. నెగెటివ్ రక్తవర్గమైతే యాంటీ-డి సూదిమందు అవసరం కావచ్చు. రక్తస్రావం, కడుపునొప్పి, బిడ్డ కదలిక తగ్గడం వీటిలో ఏది కనిపించినా గంట కూడా ఆగవద్దంటాను. ఇది సలహా, ఆజ్ఞ కాదు. ఆమె వైద్యురాలితో మాట్లాడి, తన గుర్రాన్నీ తన శరీరాన్నీ తూచుకుని మరోలా నిశ్చయించుకుంటే ఆమెను తిట్టే హక్కు నాకు లేదు.

కాని సాల యజమానికి చెప్పేది సలహా కాదు, బాధ్యత. కడుపుతో ఉన్న మనిషిని ఇంటికి పంపకుండానే చేయించుకోగలిగే పనులు ఎన్నో ఉన్నాయి. నెమ్మదైన, ఎరిగిన గుర్రాన్ని, పక్కన మరొకరు ఉండగా, తోమవచ్చు. మేత కొట్టు బయటినుంచి వేయవచ్చు. నేర్చుకునేవారికి కంచె బయట నిలబడి చెప్పవచ్చు. లెక్కలు, టీకాల పట్టిక, మందుల జాబితా చూసుకోవచ్చు. కూలి తగ్గించకుండా పని మార్చడం దానకార్యమేమీ కాదు. చూలుగోడిగకు దాణా తగ్గించని చేయి ఈ పని కూడా చేయగలదు.

గోడిగ పిల్లను మన సంస్కృతంలో కిశోరమంటారు. ఆ మాటే మన పిల్లలకు కూడా వాడుకుంటాము. సాలలో ఇద్దరు తల్లులు ఉన్నప్పుడు పలకలు కూడా రెండు ఉండాలి. రెండోదాని మీద ముట్టకూడని మందుల పేర్లు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయాలి. స్వారీ తెలిసినవారూ, పశువైద్యులూ, ప్రసూతివైద్యులూ మన బ్లాగరులలో ఉంటే ఆ పలక మీద ఇంకేమి రాయాలో చెప్పగలరు. చదివి మీ మాట రాయండి.